పనిచేసేవారి మాట వింటే పని పెరుగుతుంది



మన పుట్టపర్తి చుట్టుపక్కల వానను నమ్ముకుని బతికే పల్లెలే ఎక్కువ. వాన వస్తే చెనిక్కాయ పంట. రాకపోతే కూలి, లేదంటే వలస. ఇది మీకు తెలియని సంగతి కాదు.

ఇప్పుడు ఇంకో దారి కూడా ఉంది. అదే ఫ్యాక్టరీ పని. హిందూపురం వైపు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు ఉన్నాయి. పెనుకొండ దగ్గర యర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. తెల్లవారకముందే సద్ది కట్టుకుని ఫ్యాక్టరీ బస్సు ఎక్కే ఆడపిల్లలు మన పల్లెల్లో కనిపిస్తారు.

ఆ పిల్లలకు ఫ్యాక్టరీలో కష్టం వస్తే ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకుంటే పని పోతుందేమో అని భయం. "ఏంటికమ్మా పెద్దోళ్ళతో మనకు? నోరు మూసుకుని పని చేసుకో" అని ఇంట్లో అమ్మ కూడా చెబుతుంది.

యజమానికి ఇంకో భయం. "పనివాళ్ళకు ఒక ప్రతినిధి అంటూ ఉంటే రోజూ గొడవలే. పని సాగదు, కంపెనీ మునిగిపోతుంది" అనుకుంటాడు.

ఈ రెండు భయాలూ నిజమేనా? పనిచేసేవారి మాట వింటే కంపెనీకి నష్టమా, లాభమా? ఈ పాఠంలో చూద్దాం.

ప్రతినిధి అంటే ఎవరు?

పది మంది తరఫున మాట్లాడేవారే ప్రతినిధి.

మీ పొదుపు సంఘాన్నే తీసుకోండి. సంఘంలో అందరూ బ్యాంకుకు పోరు. ఒకరిద్దరు లీడర్లు పోతారు. వాళ్ళు చెప్పేది వాళ్ళ సొంత మాట కాదు, సంఘం మాట. తిరిగి వచ్చాక బ్యాంకులో ఏం జరిగిందో సంఘానికి చెప్పాలి. లెక్క తప్పితే మీరు అడుగుతారు. సరిగా చేయకపోతే మారుస్తారు.

ఫ్యాక్టరీలో కూడా అంతే. పనిచేసేవారు తమలో కొందరిని ఎన్నుకుంటారు. వారు మేనేజరుతో కూర్చుని మాట్లాడతారు. కొన్ని చోట్ల ఈ పని కార్మిక సంఘం చేస్తుంది. కొన్ని చోట్ల కమిటీ చేస్తుంది. పేరు ఏదైనా మూడు లక్షణాలు ఉండాలి. మనం ఎన్నుకోవాలి. మన మాట చెప్పాలి. మనకు జవాబు చెప్పాలి.

ఉత్పాదకత అంటే ఏమిటి?

ఈ మాట పలకడానికి కష్టం గానీ, అర్థం తేలికే. అంతే సమయంలో, అంతే మనుషులతో ఎంత పని తేలింది అనేదే ఉత్పాదకత.

ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. మనిషిని ఎక్కువ సేపు నిలబెట్టి ఎక్కువ పని చేయిస్తే అది ఉత్పాదకత పెరగడం కాదు. అది మనిషిని పిండడం. అదే ఎనిమిది గంటల్లో, అంతే ఒళ్ళు నొప్పులతో, ఇంకా ఎక్కువ పని, ఇంకా మంచి పని తేలితే అప్పుడు ఉత్పాదకత పెరిగినట్టు.

దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ కరువు పని. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. ఎక్కడ మొదలైందో తెలుసా? అప్పటి మన అనంతపురం జిల్లాలోనే. నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో కూలీలు శ్రమశక్తి సంఘాలుగా కూడారు. ఒక్కో సంఘానికి ఒక మేటీ ఉంటారు. చాలా చోట్ల ఆడవాళ్ళే మేటీలు.

కరువు పనిలో కూలి కొలతను బట్టి వస్తుంది. ఎంత లోతు, ఎంత పొడవు కందకం తవ్వితే అంత కూలి. మరి మేటీ ఏం చేస్తుంది? పొద్దున్నే మార్కింగు వేయించుకుంటుంది. గడ్డపారలు, గంపలు చాలకపోతే అడుగుతుంది. నేల మరీ రాతినేల అయితే, "సార్, ఇక్కడ ఇంత కొలత తేలదు" అని ముందే చెబుతుంది. నీడ, తాగే నీళ్ళు ఉన్నాయా అని చూస్తుంది.

20 మందికి 10 గడ్డపారలే ఉన్నాయనుకోండి. సగం మంది ఊరికే నిలబడాలి. అది సోమరితనం కాదు. పనిముట్టు లేకపోవడం. ఈ సంగతి ఆఫీసులో కూర్చున్నవారికి కనబడదు. తవ్వేవారికే కనబడుతుంది. ఆ మాట పైకి చేరవేసే మనిషి ఉంటే కొలత పెరుగుతుంది. కొలత పెరిగితే కూలీ పెరుగుతుంది. చెరువులోకి నీళ్ళు కూడా ఎక్కువ చేరతాయి.

2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. చట్టం మారినా మనం నేర్చుకున్న ఈ పాఠం మారదు.

సింగరేణి చెప్పిన కథ

"పది మంది పనిలో సరే. వేలమంది పనిచేసే పెద్ద కంపెనీలో కుదురుతుందా?" అని అడగవచ్చు. దానికి జవాబు మన తెలుగువారి బొగ్గు గనుల్లోనే ఉంది.

తెలంగాణలో గోదావరి లోయలో బొగ్గు ఉంది. అక్కడ ఇల్లందు దగ్గర 1889లో తవ్వకం మొదలైంది. ఆ కంపెనీయే నేటి సింగరేణి. కొత్తగూడెం, మణుగూరు, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లి, ఇవన్నీ బొగ్గు ఊళ్ళు. ఇది ప్రభుత్వ కంపెనీ. రాష్ట్ర ప్రభుత్వానికి 51 వంతులు, కేంద్రానికి 49 వంతులు.

1990ల మొదట్లో సింగరేణిలో చాలా సంఘాలు ఉండేవి. కార్మికుల తరఫున మాట్లాడేది ఎవరో తేలేది కాదు. ఒక సంఘంతో కంపెనీ ఒప్పందం చేసుకుంటే, ఇంకో సంఘం ఒప్పుకునేది కాదు. చిన్న మాటకు ఒక గని ఆగేది. పెద్ద మాటకు అన్ని గనులూ ఆగేవి. ఒక్కో ఏడాది వందల సమ్మెలు జరిగాయి. గని ఆగితే బొగ్గు రాదు. కూలీ రాదు. ఇంట్లో పొయ్యి వెలగదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. ఖాయిలా పడిన, అంటే జబ్బుపడిన కంపెనీల సంగతి చూసే బోర్డు దాకా పోయింది. మూతపడుతుందేమో అని అందరూ బెంగపడ్డారు.

అప్పుడు ఒక పని చేశారు. 1998 సెప్టెంబరులో కార్మికులందరికీ రహస్య ఓటు పెట్టారు. మనం పంచాయతీకి ఓటు వేసినట్టే, ప్రతి కార్మికుడూ ఏ సంఘం తన తరఫున మాట్లాడాలో చెప్పాడు. ఎక్కువ ఓట్లు వచ్చిన సంఘానికి గుర్తింపు ఇచ్చారు. మొదటిసారి ఏఐటీయూసీ సంఘం గెలిచింది. అప్పటినుంచి ఈ ఎన్నికలు జరుగుతూ వస్తున్నాయి. ఒకసారి ఒక సంఘం గెలుస్తుంది, ఇంకోసారి ఇంకొకటి. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో మళ్ళీ ఏఐటీయూసీ గెలిచింది.

ఓటు వల్ల ఏం మారింది? కంపెనీకి ఎవరితో మాట్లాడాలో తెలిసింది. కార్మికునికి ఎవరిని అడగాలో తెలిసింది. ఒప్పందం కుదిరితే నిలబడింది. చీటికిమాటికి జరిగే సమ్మెలు బాగా తగ్గాయి. గనులు నడిచాయి. 1990ల చివరి నుంచి కంపెనీ లాభాల బాట పట్టింది. లాభంలో కార్మికులకు వాటా ఇవ్వడం కూడా మొదలైంది. 2024లో ప్రకటించిన వాటా 796 కోట్ల రూపాయలు.

ఇదంతా ఒక్క ఓటు వల్లే జరిగిందా? లేదు. ప్రభుత్వం అప్పుల భారం తగ్గించింది. పెద్ద పెద్ద యంత్రాలు వచ్చాయి. ఉపరితల గనులు, అంటే పైనుంచి తవ్వే గనులు పెరిగాయి. సమ్మెలు పూర్తిగా పోలేదు కూడా. 2011లో తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బొగ్గు తవ్వకం చాలావరకు ఆగిపోయింది. అయితే ఒక్కటి ఆలోచించండి. రోజూ ఆగే గనిలో యంత్రం ఉండి ఏం లాభం? మాట కుదిరితేనే యంత్రం కూడా పనికొస్తుంది.

ఇంకో లోటు కూడా ఉంది. ఆ ఓటు పర్మినెంటు కార్మికులకే. కాంట్రాక్టు కార్మికులకు లేదు. అదే గనుల్లో చెమట ఓడుస్తున్నా వారి మాటకు ఆ పెట్టెలో చోటు లేదు.

మాట వింటే పని ఎందుకు పెరుగుతుంది?

బట్టల ఫ్యాక్టరీని మనసులో పెట్టుకుని చూద్దాం. మూడు కారణాలు ఉన్నాయి.

ఒకటి: లోపం ఎక్కడుందో పనిచేసేవారికే ముందు తెలుస్తుంది.

ఒక లైనులో 30 మంది ఉన్నారనుకుందాం. గంటకు 60 చొక్కాలు తేలుతాయనుకుందాం. ఒకరు కాలరు కుడతారు. ఒకరు చెయ్యి కుడతారు. ఒకరు గుండీ కుడతారు. మధ్యలో ఒక మిషను అరగంట ఆగితే వెనకున్నవారందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ అరగంటలో 30 చొక్కాలు పోయినట్టే. ఆ మిషను రెండు రోజులుగా దారం తెంపుతోందని దాని ముందు కూర్చున్న అమ్మాయికి తెలుసు. చెబితే తిడతారని చెప్పలేదు. అడిగే మనిషి, చెప్పే మనిషి ఉంటే రెండు రోజుల ముందే మెకానిక్ వచ్చేవాడు.

రెండు: పని మానేసేవారు తగ్గుతారు.

కొత్తగా చేరిన అమ్మాయికి చేయి తిరగడానికి వారాలు పడుతుంది. నేర్చుకునే రోజుల్లో పీసులు తక్కువ తేలుతాయి, పాడయ్యేవి ఎక్కువ. పని బాగా వచ్చిన అమ్మాయి మానేస్తే కంపెనీ మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి.

మరి ఆడపిల్లలు ఎందుకు మానేస్తారు? జీతం చాలక కొందరు. పెళ్ళయి కొందరు. సూపర్‌వైజరు నోటి దురుసు పడలేక కొందరు. మరుగుదొడ్డికి పోనివ్వరని నీళ్ళు తాగడం మానేసి, మూత్రంలో మంట వచ్చి జబ్బు పడేవారు ఇంకొందరు. ఈ సంగతి మగ మేనేజరుతో ఏ పిల్ల చెబుతుంది? చెప్పలేక మూడు రోజులు సెలవు పెడుతుంది. తరువాత అసలు రాదు. లైనులో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. పక్కనున్నవారి మీద ఆ పని పడుతుంది. ఆడ ప్రతినిధి ఉంటే ఆ మాట ఒక్క నిమిషంలో చెప్పవచ్చు. దానికి కంపెనీకి అయ్యే ఖర్చు చాలా తక్కువ. చెప్పకపోతే అయ్యే నష్టం చాలా ఎక్కువ.

దీన్ని పరీక్షించి కూడా చూశారు. 2016లో మన పక్క రాష్ట్రం కర్ణాటకలోని బట్టల ఫ్యాక్టరీల్లో జీతం పెరిగింది. కానీ కార్మికులు అనుకున్నంత పెరగలేదు. అందరూ డీలా పడ్డారు. అప్పుడు పరిశోధకులు చీట్లు వేసినట్టుగా కొందరిని ఎంచుకున్నారు. పేరు చెప్పనక్కరలేకుండా పని గురించి, సూపర్‌వైజరు గురించి వారి మనసులో మాట అడిగారు. మిగిలినవారిని అడగలేదు. తరువాత చూస్తే, అడిగినవారిలో పని మానేసినవారూ, నాగా పెట్టినవారూ తక్కువ ఉన్నారు. ఎక్కువ నిరాశ పడినవారిలో ఈ తేడా మరీ బాగా కనిపించింది. జీతం ఒక్క పైసా కూడా అదనంగా ఇవ్వలేదు. అడిగారు, అంతే.

మూడు: చిన్న తగవు పెద్ద గొడవ కాదు.

ఓవర్‌టైము లెక్కలో తప్పు వచ్చిందనుకోండి. ప్రతినిధి ఉంటే ఆ రోజే రిజిస్టరు చూసి సరిచేయించవచ్చు. లేకపోతే ఆ కోపం లోపలే ఉడుకుతుంది. ఒకరోజు గేటు ముందు అందరూ కూర్చుంటారు. అప్పుడు రెండు వైపులా నష్టమే.

పేరుకు మాత్రమే ప్రతినిధి ఉంటే?

ఇది ముఖ్యమైన సంగతి. ప్రతినిధి ఉన్నంత మాత్రాన మేలు జరగదు. యజమాని చెప్పినదానికి తల ఊపేవారు ప్రతినిధి కాదు. తన పలుకుబడి కోసమే గొడవ పెట్టేవారూ ప్రతినిధి కాదు.

కేరళలో మున్నారు అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ తేయాకు తోటల్లో ఆకు కోసేవారు ఎక్కువగా ఆడవాళ్ళే. సంఘాలు ఉన్నాయి. కానీ నాయకులు మగవాళ్ళు. 2015లో కంపెనీ బోనస్ తగ్గించింది. నాయకులు తమ మాట సరిగా చెప్పడం లేదని ఆడవాళ్ళకు కోపం వచ్చింది. ఆ సెప్టెంబరులో వేలమంది తోట దిగి రోడ్డు మీద కూర్చున్నారు. సంఘ నాయకులను దగ్గరకు రానివ్వలేదు. తామే మాట్లాడారు. తమ గుంపుకు "పెంబిళై ఒరుమై" అని పేరు పెట్టుకున్నారు. అంటే ఆడవాళ్ళ ఐకమత్యం అని అర్థం. తొమ్మిది రోజుల తరువాత ఒప్పందం కుదిరింది. 20 శాతం దక్కింది.

ఆడవాళ్ళు గెలిచారు. సంతోషమే. కానీ తొమ్మిది రోజుల ఆకు పోయింది. తొమ్మిది రోజుల కూలి పోయింది. ఆ ఆడవాళ్ళను ముందే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేదా? ఆలోచించండి.

జర్మనీ దేశంలో ఇంకో ముందడుగు వేశారు. అక్కడ 1976లో ఒక చట్టం చేశారు. 2000 మందికి మించి పనిచేసే కంపెనీల్లో, కంపెనీని పైనుంచి చూసుకునే బోర్డులో సగం మంది కార్మికుల ప్రతినిధులే ఉంటారు. అంత మాత్రాన జర్మనీ కంపెనీలు మునిగిపోలేదు. ఆ దేశంలో తయారయ్యే కార్లు, యంత్రాలు ప్రపంచమంతా కొంటోంది.

చట్టం ఏం చెబుతుంది?

మన దేశంలో 1947లోనే పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చింది. యజమాని, కార్మికులు కలిసి కూర్చునే కమిటీలు ఉండాలని అందులో ఉండేది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త చట్టం వచ్చింది. దాన్ని 2020లో చేశారు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చారు. మనకు కావలసిన సంగతులు ఇవి.

20 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో యజమాని తరఫువారు, కార్మికుల తరఫువారు సమానంగా ఉండాలి. మొత్తం పది మందికి మించకూడదు.

ఆ కమిటీలో ఆడవాళ్ళు తప్పక ఉండాలి. ఎంతమంది? ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు ఎంత వంతు ఉంటే కమిటీలోనూ కనీసం అంత వంతు ఉండాలి. పది మందిలో ఎనిమిది మంది ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో కమిటీ అంతా మగవాళ్ళతో నిండితే అది చట్టానికి విరుద్ధం.

100 మందికి తగ్గకుండా పనిచేసే చోట వర్క్స్ కమిటీ పెట్టమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. ఇందులో కార్మికుల ప్రతినిధుల సంఖ్య యజమాని తరఫువారి కంటే తక్కువ ఉండకూడదు.

ఆడవాళ్ళను లైంగికంగా వేధిస్తే చూసే కమిటీ వేరే ఉంది. అది 2013 నాటి చట్టం. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలి. దానికి పెద్దగా ఆడమనిషే ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళే ఉండాలి.

చట్టం కాగితం మీద ఉంటుంది. దాన్ని ఫ్యాక్టరీ గోడ మీదికి తెచ్చేది అడిగే నోరే.

మనం ఏం చేయవచ్చు?

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. ఇది చిన్న బలం కాదు. ఫ్యాక్టరీకి పోయే అక్కచెల్లెళ్ళు ముందుగా నోటీసు బోర్డు చదవండి. కమిటీ సభ్యుల పేర్లు ఉన్నాయా చూడండి. లేకపోతే నలుగురు కలిసి అడగండి. ఒక్కరే పోవద్దు. ఒక్కరు అడిగితే ఫిర్యాదు అంటారు. నలుగురు అడిగితే విషయం అంటారు.

చెప్పేది తేదీ వేసి రాసుకోండి. "మిషను పాడైంది" అని ఊరికే చెప్పకండి. ఏ లైను, ఏ మిషను, ఏ రోజు నుంచి, ఎన్ని పీసులు పోయాయి అని రాయండి. అప్పుడు మేనేజరు కూడా వింటాడు. అది ఆయన లెక్క కూడా కాబట్టి.

ప్రతినిధిని ఎన్నుకునేటప్పుడు గట్టిగా అరిచేవారిని కాక, అందరి మాట ఓపికగా వినేవారిని ఎన్నుకోండి. కమిటీ జరిగాక ఏం మాట్లాడారో అడగండి. మనం అడగకపోతే ప్రతినిధి కూడా మరిచిపోతాడు.

"ఆడవాళ్ళకు ఇవన్నీ ఎందుకు?" అనేవారికి ఈ మాట చెప్పండి. 1920లో అహ్మదాబాదులో బట్టల మిల్లు కార్మికుల సంఘాన్ని నిలబెట్టింది అనసూయా సారాభాయి అనే ఆడమనిషి. ఆమె తమ్ముడే ఒక మిల్లు యజమాని. అయినా ఆమె పనిచేసేవారి పక్కన నిలబడ్డారు. మిల్లులు మూతపడాలని కాదు. మిల్లూ నడవాలి, మిల్లులో మనిషీ బతకాలి అని.

ఎద్దు కాలికి ముల్లు గుచ్చుకుంటే కొరడాతో కొట్టే రైతు తెలివైనవాడు కాదు. వంగి కాలు చూసేవాడు తెలివైనవాడు. ఎద్దుకు నోరు లేదు. మనకు ఉంది. మన ముల్లు ఎక్కడుందో మనం చెప్పాలి. వినడం యజమానికీ లాభమే.

కొత్త మాటలు

ప్రతినిధి: పది మంది తరఫున మాట్లాడేవారు
ఉత్పాదకత: అంతే సమయంలో తేలే పని
ఒప్పందం: రెండు వైపులవారు ఒప్పుకున్న మాట
ఖాయిలా: కంపెనీ నష్టాలతో కుంగిపోవడం
గుర్తింపు సంఘం: కార్మికుల ఓటుతో గెలిచి, కంపెనీతో మాట్లాడే సంఘం

మాట్లాడుకుందాం

1. మీ పొదుపు సంఘం లీడరును మీరు ఎట్లా ఎన్నుకున్నారు? ఎప్పుడైనా మార్చారా? ఎందుకు?
2. కరువు పనిలో మీకు ఏ పనిముట్టు లేక పని తగ్గింది? ఎవరితో చెప్పారు?
3. సింగరేణిలో కాంట్రాక్టు కార్మికులకు ఓటు లేదు. ఇది సరైనదేనా?
4. మీ ఇంటినుంచి గానీ, వీధినుంచి గానీ ఫ్యాక్టరీకి పోయేవారు ఉన్నారా? అక్కడ కమిటీ ఉందో లేదో ఈ వారం కనుక్కుని రండి. తెలిసింది మీ నోటు పుస్తకంలో నాలుగు వాక్యాలు రాయండి.